రెండో పేజీ

పదిహేడో శతాబ్దంలో వేల్స్ నుంచి అమెరికా వచ్చిన మనిషిని ఇంటిపేరు పట్టుకుని వెతికితే దొరకడు. అప్పటికి అక్కడి పల్లెల్లో చాలామందికి ఇంటిపేరన్నదే లేదు. తండ్రి పేరే కొడుకు పేరు వెనక చేరేది. రీస్ కొడుకు ఎవన్ అయితే ఎవన్ ఆప్ రీస్. ఆ ఎవన్‌కి థామస్ పుడితే థామస్ ఆబ్ ఎవన్. కూతుళ్లూ అంతే, పెళ్లయ్యాక కూడా తండ్రి పేరుతోనే ఉండేవాళ్లు. ఓడ దిగి ఇంగ్లీషు గుమస్తాల చేతిలో పడ్డాక ఆప్ రీస్ కాస్తా ప్రైస్ అయ్యాడు, ఆప్ హౌవెల్ పావెల్ అయ్యాడు, ఆబ్ ఎవన్ బెవన్ అయ్యాడు, ఆప్ హ్యారీ ప్యారీ అయ్యాడు. ఒక్క కడుపున పుట్టిన అన్నదమ్ములు రెండు ఇంటిపేర్లతో స్థిరపడిన సందర్భాలూ ఉన్నాయి.

మా పక్కింటి పెద్దాయన ఏళ్ల తరబడి ఇరుక్కుపోయింది ఈ చిక్కులోనే.

మేముండేది ఫిలడెల్ఫియాకు పడమటి వైపు. నగరం నుంచి లోకల్ రైలెక్కితే మెరియన్, బ్రిన్ మార్, రాడ్నర్ వరసగా వస్తాయి. మాల్వర్న్, ఎక్స్‌టన్ వైపు ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లందరి చెవిలో రోజూ పడే పేర్లే. ఆ మూడు స్టేషన్లవీ వేల్స్ నుంచి వచ్చిన పేర్లని నాకు చెప్పింది ఆయనే. బ్రిన్ మార్ అనేది డాల్గెత్‌లై ఊరి దగ్గర రోలండ్ ఎల్లిస్ అనే క్వేకర్ శాఖ క్రైస్తవుడి వ్యవసాయ క్షేత్రం పేరట. 1686లో వలస వచ్చి, ఇక్కడి కొత్త పొలానికీ ఆ పేరే పెట్టుకున్నాడు. ఇవాళ ఆ పేరుతో ఊరుంది, రైల్వే స్టేషనుంది, పేరున్న కాలేజీ ఉంది.

పెద్దాయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన ఇంటిపేరు ఇక్కడ రాయను. వేల్స్‌లో ఏ వీధిలో అడిగినా వినిపించే పేరు. భార్య పోయాక ఇంట్లో ఒక్కరే. వంటింటి బల్ల మీద అన్నం తినడానికి జానెడు చోటు వదిలి మిగతాదంతా కాగితాలే. పెన్సిల్వేనియాను స్థాపించిన విలియం పెన్ కాలంలో వచ్చిన తొలి కుటుంబాల వారసులకు ఒక సంఘం ఉంది. అందులో చేరాలంటే తనకూ ఓడ దిగిన మనిషికీ మధ్య ప్రతి తరానికీ కాగితం చూపించాలి. పుట్టుక, పెళ్లి, చావు, ఏదో ఒక రుజువు. ఇప్పటి నుంచి వెనక్కి 1720ల దాకా ఆయనకు రుజువులున్నాయి. ఆ పైన గోడ. అక్కడున్న మనిషికి ఇంటిపేరుంది. ఓడ దిగినవాడికి లేదు. ఇతను అతని కొడుకేనని చెప్పే ముక్క ఎక్కడా దొరకలేదు.

ఆ తొలి వలసల చరిత్ర మాత్రం ఆయన నోట వినాలి. వేల్స్‌లో క్వేకర్లు ప్రభుత్వ చర్చికి రాకపోతే జరిమానా, కట్టకపోతే పశువుల జప్తు, అప్పటికీ లొంగకపోతే జైలు. 1681లో రెండో చార్లెస్ రాజు విలియం పెన్‌కి పెన్సిల్వేనియా రాసిచ్చాడు. 5,000 ఎకరాలు 100 పౌన్లకిస్తానన్నాడు పెన్. వేల్స్ క్వేకర్లు జట్లు కట్టి మొత్తం 40,000 ఎకరాలకు మాట్లాడుకున్నారు. అప్పటికి అది లెనాపే జాతి వాళ్లు బతుకుతున్న నేల. మొదటి జట్టు డాక్టర్ ఎడ్వర్డ్ జోన్స్ వెంట లయన్ అనే ఓడలో 1682 ఆగస్టులో వచ్చింది. తమ వాళ్లంతా ఒక్కచోటే ఉండాలని, తమ తగవులు తమ భాషలో తామే తీర్చుకోవాలని వాళ్ల కోరిక. పెన్ సరేనన్నాడు. నోటిమాటగా అన్నాడు, కాగితం మీద పెట్టలేదు. కొన్నేళ్లు తిరక్కుండానే వాళ్ల భూమిని రెండు కౌంటీల మధ్య చీల్చేసి, మిగులు నేలను ఇతరులకు అమ్మేశారు.

"మావాళ్లు అన్యాయం ఓర్చుకోలేక ఊరొదిలిన మనుషులు," అనేవారు పెద్దాయన. "1688లో జర్మన్‌టౌన్‌లో నలుగురు క్వేకర్లు మనిషిని మనిషి బానిసగా ఉంచుకోవడం తప్పని రాసి సంతకాలు చేశారు. 1696లో మా మెరియన్ మనిషే, క్యాడ్వాలడర్ మోర్గన్, బానిసల్ని కొనడం తగదని వార్షిక సభకు రాశాడు. ఆ రక్తం మాది."

ఈ మాటలు మా మావయ్యగారికి తెలుగులో చెప్పింది నేనే. ఆయన ఆర్నెల్లు ఉండి పోదామని గుంటూరు జిల్లా నుంచి వచ్చారు. రెవెన్యూలో చేరి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు. వాళ్ల నాన్నగారు ఊరికి కరణం. ఇంగ్లీషు మాట్లాడటానికి మొహమాటపడతారు కానీ, దస్తావేజు ఇంగ్లీషు చేతికిస్తే తెలుగు పేపరు చదివినంత సులువుగా చదువుతారు. సాయంత్రం నడకల్లో ఇద్దరికీ స్నేహం కలిసింది.

పెన్ నోటిమాట సంగతి విని మావయ్యగారు తల అడ్డంగా ఊపారు. "భూమి విషయంలో నోటిమాట నమ్మితే అంతే బాబూ. ఏ దేశమైనా అంతే."

ఒకరోజు ఆ వంటింటి బల్ల ముందు కూర్చుని మావయ్యగారు పెద్దాయన కాగితాలన్నీ తిరగేశారు. ఓడల జాబితాలు, సమాధుల ఫొటోలు, క్వేకర్ సభల పుస్తకాల నకళ్లు. ఈ సభల పుస్తకాలు చాలా గొప్పవి. పెళ్లి పత్రం మీద వధూవరులతోపాటు పెళ్లికొచ్చిన వాళ్లంతా సంతకం చేసేవారు. ఊరు మారితే పాత ఊరి సభ నుంచి మంచి నడవడి గలవాడని పత్రం తెచ్చుకోవాలి. నెలలకు పేర్లుండవు, అంకెలే. పైగా 1752 దాకా ఇంగ్లీషు వాళ్ల ఏడాది మార్చి 25న మొదలయ్యేది కాబట్టి 'మొదటి నెల' అంటే మార్చి. ఇది తెలియక జనవరి అనుకున్నవాళ్ల వంశవృక్షాల్లో తల్లిదండ్రుల పెళ్లికి ముందే పిల్లలు పుట్టేస్తుంటారు. మావయ్యగారికి మాత్రం ఇందులో వింతేమీ కనపడలేదు. ఉగాది కూడా అటూ ఇటూగా అప్పుడే కదా అన్నారు.

అన్నీ చూసి కళ్లజోడు తీశారు. "అంతా పేరు మీద వెతికారు. పేరు వదిలేసి భూమిని పట్టుకోమను బాబూ. మనిషి పేరు మారుతుంది, గట్టు మారదు."

పెద్దాయన దగ్గర భూమి దస్తావేజుల నకళ్లూ ఉన్నాయి. కానీ వాటిలో ఆయన చూసింది అమ్మినవాడు, కొన్నవాడు అంతవరకే. హద్దులు చదవలేదు. మావయ్యగారు మొదలుపెట్టిందే హద్దులతో. ఆ కాలంలో ఎక్కువగా చెట్లే హద్దులు. నల్ల ఓక్ దగ్గర మొదలుపెట్టి, ఈశాన్యంగా ఇన్ని పర్చ్‌లు పోతే హికరీ చెట్టు, అక్కణ్నించి ఫలానావాడి పొలం వెంట వాగుదాకా. పర్చ్ అంటే పదహారున్నర అడుగులు. నాలుగు పర్చ్‌లు కలిస్తే 66 అడుగుల గొలుసు. మావయ్యగారు సర్వే ట్రైనింగులో పొలాల వెంట లాక్కుంటూ తిరిగిన గొలుసు కూడా అదే, నూరు లింకులది. అది తెలిశాక ఆయన మొహం చూడాలి. మా అమ్మాయి లెక్కల నోటులోంచి గ్రాఫు కాగితం చింపి ఇమ్మన్నారు. పెన్సిలు చెక్కుకుని, ఒక్కో దస్తావేజుకీ ఊళ్లో ఎఫ్‌ఎంబీ పొలం పటం గీసినట్టే చెక్క గీశారు. నాలుగు వైపులా సరిహద్దు రైతుల పేర్లు. వాగు ఉన్నచోట వంకర గీత.

1701 తర్వాత పెన్ హయాంలో ఈ భూముల్ని మళ్లీ కొలిపించారు. ఆ కొలతలు కూడా తెప్పించుకున్నారు. గ్రాఫు ముక్కలన్నీ బల్ల మీద పక్కపక్కన పేర్చుకుంటూ పోతే, 1680ల్లో 'ఆప్' అని రాసిన ఒక మనిషి చెక్కా, 1720ల్లో మా పెద్దాయన ఇంటిపేరున్న మనిషి అమ్మిన చెక్కా గీతకు గీత సరిపోయాయి. ఉత్తరాన అదే కుటుంబం, తూర్పున అదే వాగు, మూలన అదే నల్ల ఓక్. మధ్యలో అమ్మకం దస్తావేజు లేదు.

"అమ్మకం లేకుండా చెయ్యి మారిందంటే వారసత్వమే. వీలునామా ఉండి తీరాలి," అన్నారు మావయ్యగారు.

పాత పత్రాలు భద్రపరిచే ఒక గ్రంథాలయానికి ముగ్గురం నగరంలోకి వెళ్లాం. లోపలికి పెన్నులు తీసుకెళ్లనివ్వరు, పెన్సిళ్లే. బల్ల దగ్గర నల్లజాతి ఆవిడ, యాభై దాటి ఉంటాయి. మెడలో గుర్తింపు బిళ్ల వెనక్కి తిరిగి ఉంది. పెద్దాయన రిజిస్టరులో పేరు రాసి, ఏ మనిషి వీలునామా కావాలో, మావయ్యగారి ఉపాయంతో భూమిని పట్టుకుని అతని దాకా ఎలా వచ్చారో చెప్పారు. ఆమె రిజిస్టరులోని పేరు వంక కాసేపు చూసింది. కేటలాగు తెరవలేదు, కంప్యూటరు ముట్టలేదు. నేరుగా లోపలికెళ్లి ఒక పెట్టె పట్టుకొచ్చింది. ఎంత అనుభవం ఉండాలో అనుకున్నాను.

మొదటి పేజీ వీలునామా. పడవల్లా సాగిన అక్షరాలు, మడత దగ్గర సిరా తుప్పు రంగులోకి తిరిగింది. పెద్దాయన వేలు కాగితానికి తగలకుండా వరసల పైన ఆడుతోంది. పొలం పెద్ద కొడుక్కి, అని ఉంది. పెద్ద కొడుకు పేరుంది. ఆ పేరు పక్కన, గుమస్తా పుణ్యమా అని, ఈయన ఇంటిపేరుంది. తండ్రికి 'ఆప్', కొడుక్కి ఇంటిపేరు, రెండూ ఒకే వాక్యంలో. పెద్దాయన కళ్లజోడు తీసేసి మావయ్యగారి భుజం పట్టుకున్నారు. గొంతు పెగల్లేదు. మావయ్యగారు ఆ చెయ్యి మీద చెయ్యి వేసి, "చెప్పానుగా సార్, గట్టు మారదు," అని తెలుగులోనే అన్నారు. నేను తర్జుమా చేయాల్సిన పని లేకపోయింది.

రెండో పేజీ ఆస్తి జాబితా. యజమాని పోయాక ఇరుగుపొరుగు ఇద్దరు ఇంటికొచ్చి ఒక్కో వస్తువుకీ ధర కట్టి రాసేవారు. జప్తు జాబితాలు రాసీ రాసీ పండిన మనిషి కదా, మావయ్యగారు ఉత్సాహంగా పైకి చదవడం మొదలుపెట్టారు. ఈకల పరుపు, దుప్పట్లతో సహా. వెల్ష్ బైబిలు ఒకటి. కొట్టులో గోధుమలు. పాలిచ్చే ఆవులు, పక్కన దూడలు. ఒప్పందం మీదున్న కూలి కుర్రాడి గడువులో మిగిలిన కాలం. రాగి కాగు ఒకటి. ఆనాటి మాటలో రాసినట్టే చదివారు: "నీగ్రో స్త్రీ ఒకతె, బిడ్డతో." ఆ కింద వరస: ఎర్ర గుర్రం.

స్త్రీకీ బిడ్డకీ కలిపి కట్టిన ధర ఆ పేజీలోని అన్ని వస్తువుల ధర కంటే ఎక్కువ. మావయ్యగారు చదవడం ఆపేశారు.

పెద్దాయన మొహం ఎర్రబడింది. కాసేపటికి నెమ్మదిగా, "సంఘం వాళ్లు అడిగేది మొదటి పేజీయే. దాని కాపీ చాలు," అని చీటీ మీద రాశారు.

ఆవిడ చీటీ తీసుకుంది. "రెండో పేజీ అక్కర్లేదా సార్?"

"అందులో మావాళ్ల పేర్లేమీ లేవు కదమ్మా."

ఆవిడ లోపలికెళ్లి కాపీతో కాదు, ఒక లావుపాటి ఫైలుతో వచ్చి ఆయన ముందు పెట్టింది. "మీకు కావాల్సింది మొత్తం ఇందులో ఉంది. తీసుకెళ్లండి."

తెరిస్తే వంశవృక్షం. ఓడ దిగిన మనిషి దగ్గర్నించి మొదలై, కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, ఎవరి పెళ్లి ఏ సభలో జరిగింది, ఎవరి పొలం ఎవరికి పోయింది, ఎవరు ఎప్పుడు పోయారు. ఒక్కో పేరు వెనకా పత్రాల కాపీలు. పెద్దాయన తలబాదుకున్న తరాలన్నీ పెన్సిలుతో, పొందిగ్గా, ఒక్క గడి ఖాళీ లేకుండా ఉన్నాయి. ఆయనకు తెలియని వాళ్లు కూడా ఉన్నారు.

"ఇది మా కుటుంబం!" అన్నారు ఆయన. "ఎవరు రాశారిది?"

"నేనే. చాలా ఏళ్లు పట్టింది."

"మా కుటుంబం మీద మీకింత శ్రద్ధ ఎందుకమ్మా?"

"మీ కుటుంబం మీద కాదు సార్, మా కుటుంబం మీద." ఆవిడ గొంతులో కోపం లేదు. "1684లో ఇజబెల్లా అనే ఓడ 150 మంది ఆఫ్రికన్లను ఈ రేవులో దింపింది. కొన్నవాళ్లలో చాలామంది క్వేకర్లు. తర్వాత ఎన్ని ఓడలొచ్చాయో, మా మనిషి ఏ ఓడలో వచ్చిందో రాసినవాళ్లు లేరు. మావాళ్లకు విడిగా కాగితాలుండవు. మీవాళ్ల వీలునామాల్లోనే ఉన్నారు. మీ ముత్తాత ఆస్తి ఎవరికి పోయిందో తెలిస్తేనే మా ముత్తవ్వ ఎవరింటికి పోయిందో తెలుస్తుంది. అందుకే ముందు మీ వంశవృక్షం పూర్తి చేయాల్సొచ్చింది."

ఆమె ఫైలు చివరి కాగితం తీసి చూపించింది. ఫిలడెల్ఫియా వార్షిక సభ 1776లో బానిసల్ని ఉంచుకున్న సభ్యుల్ని బయటికి పంపాలని తీర్మానించింది. ఆ ముందూ వెనకా ఏళ్లలో యజమానులు విడుదల పత్రాలు రాసిచ్చారు. అలాంటి పత్రం ఒకటి. విడుదలైన మనిషి యజమాని ఇంటిపేరే పెట్టుకున్నాడు. అతని తల్లి అంతకు ముందరి వీలునామాలో 'మా పిల్ల' అన్న మాటతో ఒక కూతురి వాటాకి వెళ్లింది. ఆమె ఈ రెండో పేజీలో తల్లి చంకనున్న బిడ్డ.

చెబుతూ మెడలోని బిళ్లను సరిచేసుకుంది. దాని మీద ఆవిడ ఇంటిపేరుంది. రిజిస్టరులో పెద్దాయన రాసిన ఇంటిపేరే.

పెద్దాయన చాలాసేపటికి అడిగారు. "ఆ తల్లి పేరేమిటమ్మా?"

"రాయలేదు సార్."

ఆ తర్వాత ఆవిడ మావయ్యగారి వైపు తిరిగింది. ఆయన చొక్కా జేబులోంచి గ్రాఫు కాగితాల మడతలు కనిపిస్తున్నాయి. "మీరే కదా భూమిని పట్టుకుని వెతకమన్నది? మంచి ఉపాయం. నాకూ చెప్పండి. ఆ పొలం దున్నిందీ, కోసిందీ మావాళ్లు కూడా. ఆవిడ పేరు నన్ను ఏ భూమిలో వెతకమంటారు?"

నేను తెలుగులో చెప్పబోతుంటే మావయ్యగారు చెయ్యెత్తి ఆపారు. ఆయనకు అర్థమైంది. లేచి నిలబడి, నా వైపు చూడకుండా, ఆవిడకే సమాధానం చెప్పారు.

"మా అడంగల్లో పట్టాదారుకి కాలమ్ ఉంది. అనుభవదారుకి ఉంది. నీటి వనరుకి ఉంది. వేసిన పైరుకి ఉంది. పాలేరుకి లేదమ్మా."